కార్డులో ‘ఓ’, జన్యువుల్లో ‘బీ’

తండ్రిది ‘ఏ’ గ్రూపు. తల్లిది ‘ఓ’. వాళ్ళకు పుట్టిన అమ్మాయిది ‘ఏబీ’. బైపీసీ చదివిన పిల్లలెవరిని అడిగినా ఇది కుదరదనే అంటారు. ‘ఏబీ’ రావాలంటే ఒకరి నుంచి ‘ఏ’, ఇంకొకరి నుంచి ‘బీ’ రావాలి. ‘ఓ’ గ్రూపు తల్లి దగ్గర ‘బీ’ ఎక్కడుంటుంది? కాబట్టి ఆసుపత్రిలో బిడ్డలు తారుమారైనా అయి ఉండాలి, లేదా... ఆ రెండో మాట ఎవరూ పైకి అనరు గానీ మనసులో మాత్రం అనుకుంటారు.

కానీ 1955లో అమెరికాలో ఫిలిప్ లెవిన్, ఆయన సహచరులు సరిగ్గా ఇలాంటి కుటుంబం గురించే రాశారు. బిడ్డ ఆ తల్లిదండ్రులదే. తల్లి దగ్గర ‘బీ’ జన్యువు నిజంగానే ఉంది, చెడిపోకుండా ఉంది. అది కూతురికి వెళ్ళింది, కూతురిలో బయటపడింది కూడా. తల్లిలో మాత్రం వేరే క్రోమోజోమ్ మీదున్న ఇంకో జన్యువు దాన్ని కప్పేసింది. ఒక జన్యువు ఫలితాన్ని వేరేచోట ఉన్న జన్యువు ఇలా కనబడకుండా చేయడాన్నే ఎపిస్టాసిస్ అంటారు. పాఠ్యపుస్తకాల్లో ఇది బఠాణీ పూల రంగులు, కోళ్ళ ఈకల రంగులతో రెండు పేజీల్లో అయిపోతుంది. మనుషుల విషయంలో మాత్రం ప్రాణాల మీదకు వస్తుంది, కాపురాల మీదకూ వస్తుంది. దీనికి అందరికన్నా ముందు దొరికిన గట్టి ఉదాహరణ మన దేశానిదే.

1952లో వై.ఎం. భెండే, ఆయన సహచరులు ‘లాన్సెట్’ వైద్య పత్రికలో చిన్న నివేదిక ఒకటి ప్రచురించారు. బొంబాయిలో కొందరి రక్తం పరీక్షిస్తే వింతగా తేలింది. ఎర్రకణాలను చూస్తే ‘ఓ’ గ్రూపు లాగే ఉన్నాయి: ‘ఏ’ లేదు, ‘బీ’ లేదు. ‘ఓ’ గ్రూపు వాళ్ళకు ‘ఓ’ రక్తం సరిపడాలి కదా! వీళ్ళకు సరిపడలేదు. దాతల్లో ఎవరి కణాలు కలిపినా వీళ్ళ సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వాటిని ముద్దలు కట్టించేసింది. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్తవర్గాలను వర్గీకరించాక, యాభై ఏళ్ళుగా ఎవరికీ అనుమానం రాని చోట ఒక కొత్త గుంపు బయటపడింది. దానికి బాంబే బ్లడ్ గ్రూప్ అనే పేరే స్థిరపడిపోయింది.

అసలు ఏం జరిగిందో తెలియాలంటే ‘ఏ’, ‘బీ’ అంటే ఏమిటో ముందు చూడాలి. చాలామంది ‘ఏ’ జన్యువే నేరుగా ‘ఏ’ గ్రూపును తయారుచేస్తుందని అనుకుంటారు. అది ఎర్రకణం మీద ఏదీ నేరుగా పుట్టించదు. అది తయారుచేసేది ఒక ఎంజైమును. ఎర్రకణం పైపొరలో చక్కెర అణువుల గొలుసులు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఈ ఎంజైము ఆ గొలుసు చివర ఇంకో చక్కెరను అతికిస్తుంది. ‘ఏ’ ఎంజైము అతికించేది ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమీన్. ‘బీ’ ఎంజైము అతికించేది గెలాక్టోస్. ‘ఓ’ అనేది మూడో చక్కెరేమీ కాదు. సాధారణంగా కనిపించే ‘ఓ’ జన్యువులో డీఎన్‌ఏ అక్షరం ఒకటి ఊడిపోయి ఉంటుంది. దాంతో ఎంజైము పనికిరాకుండా పోతుంది, ఏ చక్కెరా అతకదు. గొలుసు ఉన్నదున్నట్టు మిగిలిపోతుంది. ఈ మూడు రూపాలూ 9వ క్రోమోజోమ్ మీద ఒకే స్థానానికి చెందినవి.

ఉన్నదున్నట్టు మిగిలిన ఆ గొలుసుకు పేరు ‘హెచ్’. కథంతా దీని దగ్గరే ఉంది. ‘ఏ’, ‘బీ’ ఎంజైములు ఏ గొలుసు కనిపిస్తే దానికి చక్కెర అతికించవు. గొలుసు చివర ముందే ఫ్యూకోస్ అనే చక్కెర చేరి, అది ‘హెచ్’గా మారి ఉండాలి. ఫ్యూకోస్‌ను చేర్చేది వేరే ఎంజైము. దాని జన్యువు, ఎఫ్‌యూటీ1, 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ముందు 19వ క్రోమోజోమ్ జన్యువు పని జరగాలి, ఆ తర్వాతే 9వ క్రోమోజోమ్ జన్యువు పని. ఈ వరస మారదు. చక్కెరల రసాయన నిర్మాణాన్ని విప్పి, ఇలాంటి దారి ఉండాలని 1959లో వినిఫ్రెడ్ వాట్కిన్స్, వాల్టర్ మోర్గాన్ ప్రతిపాదించారు. ఆ రెండు జన్యువుల్నీ డీఎన్‌ఏ స్థాయిలో పట్టుకున్నది 1990లో.

ఇప్పుడు ఒకరికి తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన ‘హెచ్’ జన్యువులే, అంటే చెడిన ఎఫ్‌యూటీ1 ప్రతులే, వచ్చాయనుకోండి. ఫ్యూకోస్ చేరదు, ‘హెచ్’ తయారవదు. వాళ్ళలో ‘బీ’ జన్యువు ఉండొచ్చు, ఎంజైమును మామూలుగానే తయారుచేస్తూ ఉండొచ్చు. గోడే లేవకపోతే రంగులేసే మనిషి డబ్బాలు పట్టుకుని వచ్చినా చేసేదేముంది? ‘బీ’ ఎంజైము పరిస్థితీ అదే. ఇది ఊహ కాదు. బాంబే గ్రూపు వాళ్ళ సీరంలో వెతికితే, వాళ్ళకు వచ్చిన జన్యువును బట్టి ‘ఏ’ ఎంజైమో ‘బీ’ ఎంజైమో పనిచేస్తూ దొరుకుతుంది.

ఎపిస్టాసిస్ గురించి చదివేటప్పుడు ఈ ఒక్క సంగతిని గట్టిగా పట్టుకోవాలి. కప్పేయడం అనగానే ఒక జన్యువు వెళ్ళి ఇంకోదాని నోరు మూస్తుందేమో అనిపిస్తుంది. బాంబే గ్రూపులో అలాంటిదేమీ లేదు. చెడిన ‘హెచ్’ జన్యువుకు ‘బీ’ జన్యువుతో ఎక్కడా తగాదా లేదు, అసలు రెండూ ఎదురుపడవు. ముందు మెట్టు లేకపోవడం వల్ల తర్వాతి మెట్టు పని కనబడటం లేదు. అంతే.

దీన్ని లెక్కలో చూద్దాం. భార్యాభర్తలిద్దరూ ‘ఏబీ’ గ్రూపు. ఇద్దరిలోనూ ‘హెచ్’ ఒక ప్రతి బాగుంది, ఒకటి చెడింది. ఒక్క ప్రతి బాగున్నా చాలు కాబట్టి ఇద్దరికీ ఏ తేడా తెలియదు. మామూలు పాఠం ప్రకారం వీళ్ళకు ‘ఓ’ బిడ్డ పుట్టే అవకాశమే లేదు. రెండు జన్యువులనూ కలిపి 16 గళ్ళ పట్టిక వేస్తే మాత్రం 3 ‘ఏ’, 6 ‘ఏబీ’, 3 ‘బీ’, మిగిలిన 4 ‘ఓ’ లాగా కనిపించేవి. అంటే కాన్పు కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. ఆ నాలుగు గళ్ళలో ఒక్కదాంట్లో కూడా నిజమైన ‘ఓ’ జన్యువు లేదు. ‘ఏ’లూ ‘బీ’లే ఉన్నాయి, కనబడటం లేదు.

ఇక్కడ చాలామంది విద్యార్థులు బహిర్గతత్వంతో దీన్ని కలిపేస్తారు. ‘ఏ’ పక్కన ‘ఓ’ ఉంటే ‘ఓ’ కనబడదు. అదీ కప్పేయడమే కదా అంటారు. తేడా ఉంది. అక్కడ పోటీ ఒకే స్థానంలో అమ్మ ఇచ్చిన ప్రతికీ నాన్న ఇచ్చిన ప్రతికీ మధ్య. ఎపిస్టాసిస్‌లో రెండూ వేర్వేరు స్థానాలు, చాలాసార్లు వేర్వేరు క్రోమోజోములు. బాంబే గ్రూపులోనైతే బహిర్గతమైన ‘ఏ’, ‘బీ’లను కప్పేసేది ఒక అంతర్గత జన్యువు జంట. బహిర్గతం అంటే బలమైనది, దానికి ఎదురు లేదు అని పాఠంలో అనుకున్న పిల్లలకు ఇది కొరుకుడు పడకపోవడానికి కారణం అదే. టీచర్లు ఈ అధ్యాయాన్ని బఠాణీలకు బదులు బాంబే గ్రూపుతో మొదలుపెడితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

బఠాణీలను తక్కువ చేయడం కాదు. అసలు ఈ దారి చూపించినవి అవే. మెండెల్ బఠాణీలు కాదు, పూలకోసం పెంచే స్వీట్ పీ మొక్కలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో విలియం బేట్సన్, ఎడిత్ రెబెకా సాండర్స్, రెజినాల్డ్ పన్నెట్ రెండు రకాల తెల్లపూల మొక్కలను సంకరం చేశారు. పుట్టినవన్నీ ఊదారంగు పూలే పూశాయి! వాటిలో వాటిని కలిపితే తర్వాతి తరంలో 9 రంగు పూలకు 7 తెల్లపూలు వచ్చాయి. మెండెల్ చెప్పిన 9:3:3:1 నిష్పత్తిలో చివరి మూడూ కలిసిపోతే వచ్చే లెక్క ఇది. రంగు తయారవడానికి రెండు మెట్లున్నాయి. ఒక రకంలో మొదటిది చెడింది, ఇంకో రకంలో రెండోది. రెండు రకాలూ కలిసినప్పుడు ఒకరి లోటు ఇంకొకరు తీర్చారు. ఎపిస్టాటిక్ అనే మాటను 1907లో వాడుకలోకి తెచ్చింది బేట్సనే.

మనుషుల్లోనూ అచ్చం ఇలాగే జరుగుతుంది. పుట్టుకతో చర్మంలో, జుట్టులో రంగు లేని ఆల్బినిజం ఉన్న ఇద్దరు పెళ్ళి చేసుకుంటే పిల్లలంతా అలాగే పుడతారని అనుకుంటాం. 1952లోనే ఇంగ్లండులో ఒక కంటి డాక్టరు, ట్రెవర్-రోపర్, అలాంటి జంటకు మామూలు రంగున్న పిల్లలు పుట్టడం గురించి రాశారు. మెలనిన్ తయారీలో చాలా జన్యువులున్నాయి. భార్యలో ఒకటి చెడి, భర్తలో వేరొకటి చెడితే, బిడ్డకు రెండింటిలోనూ కనీసం ఒక్కో మంచి ప్రతి అందుతుంది.

కోళ్ళ సంగతి ఇంకో రకం. మన లేయర్ ఫారాల్లో తెల్లగుడ్లు పెట్టే తెల్ల కోళ్ళు లెగ్‌హార్న్ సంతతివి. వాటిలో ఈకలకు రంగునిచ్చే జన్యువులు లేక అవి తెల్లగా లేవు. రంగును అడ్డుకునే బహిర్గత జన్యువు ఒకటుంది, ఒక్క ప్రతి చాలు దానికి. వైయన్‌డాట్ అనే తెల్లజాతి కోళ్ళ తెలుపు వేరు, అక్కడ రంగు తయారీయే ఆగిపోయింది. ఈ రెండిటినీ కలిపి, ఆ పిల్లల్ని మళ్ళీ తమలో తాము కలిపితే రెండో తరంలో 13 తెల్లకోళ్ళకు 3 రంగు కోళ్ళు వస్తాయి. తాతలు, తల్లిదండ్రులు అంతా తెల్లవే అయినా మనవల్లో రంగు తేలుతుంది. 9:7, 13:3, ల్యాబ్రడార్ కుక్కల్లో కనిపించే 9:3:4, ఇవన్నీ బట్టీపట్టాల్సిన కొత్త నియమాలు కావు. మెండెల్ 16 గళ్ళు అవే. ఏ మెట్టు ఎక్కడ తెగిందో దాన్ని బట్టి ఏ గళ్ళు ఒకేలా కనబడతాయన్నదే మారుతుంది.

మళ్ళీ రక్తం దగ్గరికి వద్దాం, అక్కడ ఇంకో మెలిక ఉంది. ఎఫ్‌యూటీ1 పక్కనే, అదే 19వ క్రోమోజోమ్ మీద ఎఫ్‌యూటీ2 ఉంటుంది. అదీ ‘హెచ్’నే చేస్తుంది. అయితే ఎర్రకణాల మీద కాదు, లాలాజలం వంటి స్రావాల్లో. ఎఫ్‌యూటీ1 చెడి, ఎఫ్‌యూటీ2 బాగున్నవాళ్ళలో రక్తపరీక్షకు చిక్కని ‘బీ’ ఉమ్మిలో దొరుకుతుంది. వీళ్ళను పారా-బాంబే అంటారు. ఒకే మనిషిలో ఒక కణజాలంలో మరుగున పడ్డ జన్యువు ఇంకో చోట బయటే ఉందన్నమాట. మన దేశంలో ఎక్కువగా కనిపించే బాంబే రకంలో ఆ వీలు కూడా లేదు. ఎఫ్‌యూటీ1లో ఒక అక్షరం మారిపోయి ఉంటుంది, పక్కనున్న ఎఫ్‌యూటీ2 ఏకంగా తొలగిపోయి ఉంటుంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి తరతరాలుగా జంటగానే వస్తున్నాయి.

బాంబే గ్రూపు యూరప్‌లో పది లక్షల మందిలో ఒకరికి ఉంటే, మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మహారాష్ట్రలో ఎక్కువ, కర్ణాటకలోనూ తెలుగు రాష్ట్రాల్లోనూ కేసులున్నాయి. పదివేలలో ఒకరంటే చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ సంబంధాలు ఏ చుట్టరికమూ లేకుండా కలుస్తున్నాయనుకుని లెక్కేస్తే, చెడిన ‘హెచ్’ ప్రతి ఒకటి మోస్తున్నవాళ్ళు దాదాపు 50 మందిలో ఒకరు. వాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదు, తెలిసే అవకాశమూ ఉండదు. ఇద్దరు అలాంటివాళ్ళు కలిసినప్పుడే సమస్య.

మన మేనరికాలు ఈ కలయికను బాగా పెంచుతాయి. పైన చెప్పిన అంచనాతోనే లెక్క వేస్తే, మేనబావ మరదళ్ళ పిల్లల్లో బాంబే గ్రూపు అవకాశం దాదాపు 1,400లో ఒకటి అవుతుంది. మేనమామ మేనకోడళ్ళ పిల్లల్లో దాదాపు 750లో ఒకటి. అంటే పదమూడు రెట్లు. కప్పేసే జన్యువు అంతర్గతమైనప్పుడు రెండు ప్రతులూ ఒకే తాతమ్మ నుంచి రెండు దారుల్లో వచ్చి కలవడం మేనరికంలో తేలిక. ఇది బాంబే గ్రూపుకే కాదు, తలసీమియా వంటి ఎన్నో జబ్బులకు కూడా వర్తించే లెక్క.

బాంబే గ్రూపు ఉండటం జబ్బేమీ కాదు. ‘హెచ్’ లేకపోయినా ఎర్రకణాలు మామూలుగానే పనిచేస్తాయి. ప్రమాదమంతా రక్తం ఎక్కించే రోజున వస్తుంది. ‘హెచ్’ను ఎన్నడూ చూడని శరీరం దాన్ని పరాయిదిగా లెక్కగట్టి యాంటీ-హెచ్ యాంటీబాడీలను సిద్ధంగా ఉంచుతుంది. అన్ని గ్రూపుల్లోకీ ‘హెచ్’ అత్యధికంగా ఉండేది ‘ఓ’ కణాల మీదే, ఎందుకంటే అక్కడ దాన్ని ‘ఏ’గానో ‘బీ’గానో మార్చేవాళ్ళు లేరు. కాబట్టి అందరికీ పనికొస్తుందని మనం నమ్మే ‘ఓ’ రక్తమే వీళ్ళకు చాలా ప్రమాదం. ఎక్కించిన కణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ప్రాణం పోవచ్చు. వీళ్ళకు పనికొచ్చేది ఇంకో బాంబే గ్రూపు మనిషి రక్తం మాత్రమే.

దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు, పరీక్ష సగంలో ఆపకపోతే చాలు. క్యాంపుల్లో వేలికొస నుంచి చుక్క తీసి ‘ఏ’, ‘బీ’లను గుర్తుపట్టే యాంటీ-ఏ, యాంటీ-బీ ద్రవాలు కలిపి చూసేది కణాలను మాత్రమే. ఆ పరీక్షలో బాంబే వాళ్ళు ‘ఓ’ అనే తేలతారు. కార్డు మీదా అదే పడుతుంది, డ్రైవింగ్ లైసెన్సులోకీ అదే ఎక్కుతుంది. బ్లడ్ బ్యాంకులో రివర్స్ గ్రూపింగ్ అని రెండో సగం ఉంది. అక్కడ మనిషి సీరమ్‌ను తెలిసిన ‘ఏ’, ‘బీ’, ‘ఓ’ కణాలతో కలుపుతారు. ‘ఓ’ కణాలు కూడా ముద్ద కడితే టెక్నీషియన్ ఆగి ఆలోచించాలి. యూలెక్స్ యూరోపియస్ అనే మొక్క గింజల నుంచి తీసిన యాంటీ-హెచ్ లెక్టిన్‌తో (‘హెచ్’కు అతుక్కునే ప్రోటీన్‌తో) కణాలను చూస్తే, మామూలు ‘ఓ’ కణాలు గట్టిగా ముద్దకడతాయి, బాంబే కణాలు ఉలకవు పలకవు. ఈ రెండో సగాన్ని, ‘ఓ’ కణాలతో సహా, ఏ బ్లడ్ బ్యాంకూ ఏ కారణంతోనూ వదిలేయకూడదు. ఎక్కించే ముందు దాత కణాలను రోగి సీరమ్‌తో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ దగ్గరైనా తేడా తెలుస్తుంది. కానీ ఆపరేషన్ టేబుల్ మీద మనిషి ఉండగా తెలిస్తే, దాతను వెతకడానికి మిగిలేది గంటలే. గడ్డకట్టకుండా ఉంచే సీపీడీఏ-1 ద్రవమున్న సంచిలో రక్తం నిలవుండేది 35 రోజులు. గ్లిసరాల్ కలిపి అతిశీతలంలో గడ్డకట్టించిన ఎర్రకణాలైతే ఏళ్ళ తరబడి ఉంటాయి. బాంబే గ్రూపు అని తేలినవాళ్ళ తోబుట్టువులను వెంటనే పరీక్షించాలనడం అందుకే. ఒక్కొక్కరికీ అదే గ్రూపు ఉండే అవకాశం సాధారణంగా నాలుగింట ఒకటి. ఊరంతా వెతికే కన్నా ఆ ఇంట్లోనే దాత దొరకొచ్చు.

ఇక ఆ రెండో మాట, ఎవరూ పైకి అనని మాట. బ్లడ్ గ్రూపు కలవలేదని ఒక ఆడమనిషిని అనుమానించడం ఘోరం. గ్రూపు కార్డు చూపించేది కణం మీద ఏముందో. ఆ మనిషి దగ్గర ఏ జన్యువులున్నాయో, బిడ్డకు ఏవి ఇచ్చిందో అది చెప్పలేదు. బాంబే గ్రూపు అరుదు కాబట్టి అనుమానమే నిజమై ఉంటుందని వాదించేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ముందు రివర్స్ గ్రూపింగ్ చేయించండి. నమూనా మారిపోవడం, చీటీ తప్పు పడటం బాంబే గ్రూపు కన్నా మామూలు విషయాలు. తేల్చి చెప్పాల్సి వస్తే డీఎన్‌ఏ పరీక్ష ఉంది. రక్తవర్గం ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

అన్ని జన్యువుల మధ్యా సంబంధం ఇలా ఉంటే ఉంది, లేకపోతే లేదు అన్నట్టు సాగదు. ఎక్కువసార్లు ఒకటి ఇంకోదాని ప్రభావాన్ని పూర్తిగా కప్పదు, తగ్గిస్తుందంతే. తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల్లో చాలా కుటుంబాలను బాధపెడుతున్న సికిల్ సెల్ జబ్బులో ఇది కనిపిస్తుంది. లోపం ఒకటే: హిమోగ్లోబిన్ బీటా గొలుసు జన్యువులో ఒక అక్షరం మార్పు. అదే మార్పు రెండు ప్రతుల్లో ఉన్న ఇద్దరిలో ఒకరు నెలనెలా నొప్పులతో ఆసుపత్రిలో చేరుతుంటే, ఇంకొకరు చాలావరకు తేలిగ్గా తిరుగుతుంటారు. కారణాల్లో ఒకటి పిండ హిమోగ్లోబిన్. కడుపులో ఉండగా బిడ్డ వాడుకునే ఈ హిమోగ్లోబిన్ పుట్టాక తగ్గిపోతుంది. కొందరిలో అది పెద్దయ్యాక కూడా ఎక్కువగానే తయారవుతుంది. అది కణంలో ఉన్నంత మేర సికిల్ హిమోగ్లోబిన్ పోగులుగా గడ్డకట్టకుండా అడ్డుకుంటుంది.

పిండ హిమోగ్లోబిన్‌ను పుట్టాక ఆపే జన్యువుల్లో ముఖ్యమైనది బీసీఎల్11ఏ. 2023 చివర్లో ముందు బ్రిటన్, తర్వాత అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ అనే క్రిస్పర్ (డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించే పద్ధతి) చికిత్స దీన్నే లక్ష్యంగా చేసుకుంది. రోగి మూలకణాలను బయటికి తీసి, రక్తకణాల్లో బీసీఎల్11ఏను నడిపించే డీఎన్‌ఏ ముక్కను కత్తిరించి, తిరిగి ఎక్కిస్తారు. పిండ హిమోగ్లోబిన్ మళ్ళీ మొదలవుతుంది, నొప్పుల దాడులు తగ్గుతాయి. సికిల్ జన్యువును మాత్రం ఎవరూ ముట్టుకోరు. ప్రకృతి యాదృచ్ఛికంగా చేసే కప్పివేతను ఇక్కడ డాక్టర్లు కావాలని చేస్తున్నారు.

ఈ చికిత్స గురించి కుటుంబాలకు చెప్పేటప్పుడు ఒక విషయం విడమర్చి చెప్పాలి. మార్పు జరిగింది రక్తం తయారుచేసే కణాల్లోనే. అండంలో, వీర్యంలో సికిల్ జన్యువు ముందున్నట్టే ఉంటుంది, కప్పేసే మార్పు వాటిలో ఉండదు. నొప్పులు పోయి ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషి కూడా తన ప్రతి బిడ్డకూ ఒక సికిల్ ప్రతి ఇస్తాడు. అవతలివాళ్ళు కూడా దాన్ని మోస్తున్నవాళ్ళే అయితే ప్రతి కాన్పులోనూ జబ్బుతో బిడ్డ పుట్టే అవకాశం సగానికి సగం. అందుకని చికిత్స అయిపోయినవాళ్ళ ఇంట్లో సంబంధం ఖాయం చేసుకునే ముందు, చేసుకోబోయే వాళ్ళకు సికిల్ పరీక్ష చేయించడం ఎప్పటిలాగే అవసరం.